చెదరిన గడపలు



వేసవి సెలవులకు మేము రాజమండ్రి నుండి కొవ్వూరు, తాళ్లపూడి మీదుగా పోలవరం చేరి, అక్కడినుండి కొండదారిన ఎగువనున్న పెద్దమ్మగారి ఊరికి వెళ్లేవారము. 2021లో పోలవరం ప్రాజెక్టు కోసం గోదావరిని 48 గేట్ల స్పిల్‌వే గుండా మళ్లించిన తరువాత, ఎగువన నీరు పెరిగి ఆ ఊరు మునిగినది. ఇల్లు, మందిరము, పెదనాన్నగారి సమాధి నీటిపాలైనవి. బంధువులు మూడు పునరావాస కాలనీలకు చెదరిపోయారు.

ఈ వేసవిలో పెద్దమ్మగారు ముంజలు ఒలిచి పెడుతూ, "సమాధి మీద పూలుంచే భాగ్యమైనా లేదయ్యా" అన్నారు. అబ్రాహాము కనానులో కొనుక్కున్న నేల శారా సమాధి కొరకే. ఈమెకు అదియు మిగలలేదు. అయినను ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు మూడు కాలనీల వారూ ఆమె వసారాలో కూడుకున్నారు.

ప్రియులారా, చెదరిన మీ వారి గడప ఈ సెలవుల్లో తొక్కండి.