రంగు చూడకమ్మా, టైర్లు చూడు

మన ఇళ్ళల్లో కారు కొంటున్నారనగానే ముందు వచ్చే మాట రంగు. తర్వాత మైలేజి, ఆ తర్వాత ఏసీ. మా దుండిగల్‌లో మే నెల ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే పొయ్యిలో చెయ్యి పెట్టినట్టే ఉంటుంది. అందుకే తెలుపైతే వేడి తక్కువంటాం, వేపచెట్టు నీడ వెతుక్కుంటాం. కొన్నరోజు గండిమైసమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. మనం టైర్లవంక చూసేది ఇంచుమించు ఆ ఒక్కరోజే!

మంచు పడే దేశంలో ఈ లెక్కంతా తలకిందులు. మా అమ్మాయీ అల్లుడూ కెనడాలో, ఎడ్మంటన్‌లో ఉంటారు. అమ్మాయికి జనవరిలో నెలలు నిండుతాయంటే పురుడు పోయడానికి నవంబరులోనే వెళ్ళాను. అప్పటికి వాళ్ళకి కారు లేదు. నొప్పులు ఏ అర్ధరాత్రి మొదలవుతాయో, ఆ చలిలో టాక్సీ దొరుకుతుందో లేదో! కారు కొనక తప్పదు, చేతిలో డబ్బు చూస్తే అంతంతమాత్రం.

అల్లుడికి స్నేహితులంతా ఒకటే మాట చెప్పారు: నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి కొనమని. అది కొంటే ఇంక దేనికీ డబ్బు మిగలదు. అమ్మాయి మాత్రం కాగితం మీద లెక్క వేసి చిన్న సెకండ్ హ్యాండ్ కారు చాలంది. మిగిలిన డబ్బుతో నాలుగు చలికాలపు టైర్లు కొనాలంది.

"పెద్ద బండి అయితే మంచులో బాగా పోతదట కదే" అన్నాను.

"పోవుడు గొప్ప కాదమ్మా, ఆగుడు గొప్ప. నాలుగు చక్రాలు లాగితే బండి కదులుతది. కానీ బ్రేకు వేసినప్పుడు పట్టుకునేది టైరే" అంది.

ఆ మాట అక్షరాలా నిజం. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కన్నా చలి పెరిగితే గట్టిపడటం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యిలాగా అన్నమాట. గట్టిపడ్డ రబ్బరు రోడ్డుని పట్టుకోదు, జారుతుంది. చలికాలపు టైరు రబ్బరు వేరు, చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని పక్కన కొండ బొమ్మ, ఆ బొమ్మలో మంచు పువ్వు గుర్తు ఉంటాయి. రెండింటితో సరిపెట్టకూడదు, నాలుగూ వేయించాలి. వేసవి వచ్చాక తీసి దాచుకోవాలి, లేకపోతే త్వరగా అరిగిపోతాయి. కెనడాలోనే క్యూబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలంలో ఈ టైర్లు తప్పనిసరి చేశారు. ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టాలో అలాంటి చట్టం లేదు, ఎవరి జాగ్రత్త వారిదే.

చివరికి అమ్మాయి మాటే నెగ్గింది. ఎర్ర రంగు చిన్న కారు వచ్చింది. రంగు విషయంలో కూడా ఓ కారణం ఉందండోయ్! మంచు కురిసేటప్పుడు తెల్ల కారు దూరానికి కనపడదట. పూజకి నిమ్మకాయలు పెట్టాం గానీ, హారతి వెలిగించిన ప్రతిసారీ గాలికి ఆరిపోయింది.

కారు ముందు భాగంలో ఓ వైరు వేలాడుతుంటే ఇది కరెంటు బండా అనుకునేరు. పెట్రోలు బండే. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడిపోతుంది, బ్యాటరీ బలం తగ్గిపోతుంది. అందుకని రాత్రిపూట ఆ వైరుని ప్లగ్గులో పెడితే లోపలి చిన్న హీటరు ఇంజన్‌ని వెచ్చగా ఉంచుతుంది. అమెరికాలో నార్త్ డకోటాకి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇలాంటి హీటరుకి 1949లో పేటెంటు తీసుకున్నాడు. మనం రాత్రి పాలు తోడు పెట్టి పడుకున్నట్టు, అక్కడివాళ్ళు కారుకి ప్లగ్గు పెట్టి పడుకుంటారు.

జనవరిలో ఓ రాత్రి రెండింటికి నొప్పులు మొదలయ్యాయి. బయట సున్నాకి దిగువన 31 డిగ్రీలు. అల్లుడు వైరు తీసి తాళం తిప్పగానే బండి స్టార్టయింది. దారిలో ఓ సిగ్నల్ దగ్గర మా ముందున్న పెద్ద బండి బ్రేకు వేసినా ఆగక, బొంగరంలా అడ్డం తిరిగింది. మా చిన్న కారు దానికి నాలుగడుగుల వెనకే ఆగింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెల్లవారేసరికి మనవరాలు పుట్టింది.

పాపని ఇంటికి తెచ్చేటప్పుడు లావుపాటి కోటులో చుట్టి సీటులో కూర్చోబెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేయకూడదు. కుదుపు వస్తే కోటు అణిగిపోయి బెల్టు వదులవుతుంది, పిల్ల జారిపోవచ్చు. పల్చటి బట్టలు రెండు మూడు వేసి, బెల్టు బిగించి, దుప్పటి పైన కప్పాలి.

ఇంకొక్క సంగతి, ఇది మాత్రం గుర్తుంచుకోండి. 2016 జనవరిలో న్యూజెర్సీ రాష్ట్రంలోని పస్సాయిక్‌లో ఒకాయన కారు చుట్టూ మంచు తవ్వుతుంటే, భార్యాపిల్లలు వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్ చేసుకుని కారులో కూర్చున్నారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోయి విషవాయువు లోపలికి వచ్చింది. తల్లీ, ఏడాది బిడ్డా పోయారు, ఆ తర్వాత మూడేళ్ళ పాప కూడా దక్కలేదు. ఆ వాయువుకి వాసన ఉండదు. అందుకే ముందు పొగగొట్టం దగ్గర మంచు తీసి, ఆ తర్వాతే బండి స్టార్ట్ చేయాలి. గ్యారేజి తలుపు మూసి ఇంజన్ అసలు ఆన్ చేయకూడదు.

డిక్కీలో మా అమ్మాయి ఓ పెట్టె సర్దుకుంది. అందులో దుప్పట్లు, చిన్న పార, టార్చిలైటు, బ్యాటరీ వైర్లు, చక్రం జారితే కింద చల్లడానికి ఇసుక. నా వంతుగా డబ్బాడు సకినాలు, ఖర్జూరాలు పెట్టాను. దారిలో చిక్కుకుంటే సాయం వచ్చేదాకా అవే అన్నం. పెట్రోలు ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వరు. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కాబట్టి కారు అడుగుభాగం తుప్పు పట్టకుండా తరచూ కడిగిస్తారు. అద్దం కడిగే నీళ్ళు కూడా చలికి గడ్డకట్టని రకమే పోయాలి. అది విషం కాబట్టి ఆ డబ్బా పిల్లలకి అందకుండా పెట్టాలి.

ఇప్పుడు మన ఊళ్ళలో చాలా ఇళ్ళ నుంచి పిల్లలు చలిదేశాలకి వెళ్తున్నారు. కారు కొంటున్నామని ఫోను వస్తే రంగేమిటని తీరిగ్గా అడగొచ్చు. ముందు మాత్రం చలికాలపు టైర్లు నాలుగూ వేయించారా అని అడగండి. డిక్కీలో దుప్పటి ఉందా, పిల్ల సీటు బెల్టు బిగుతుగా ఉందా అని కూడా అడగండి. కారు గురించి మనకేం తెలుసని పిల్లలు నవ్వినా సరే, జవాబు చెప్పిందాకా ఫోను పెట్టకండి.