ఖాళీ చేసిన ఊరు

ఇంటిపన్ను రసీదు మడిచి జేబులో పెట్టుకుంటుంటే చీరాల తలపుకొస్తుంది. ఇప్పుడది బాపట్ల జిల్లా. బ్రిటిష్ కాలంలో మున్సిపాలిటీ అయ్యేసరికి ఊరంతటి పన్ను ఏడాదికి 4,000 రూపాయల నుంచి 40,000కి ఎగబాకింది. నేతపనివాళ్ల ఊరు, ఎక్కడ తెచ్చి కడతారు? 1921లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల, పేరాల జనం పొలిమేర దాటి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు ఎండావానా అక్కడే. మగ్గాన్నయితే విప్పి మోసుకుపోవచ్చు, దాని గుంటనెలా మోస్తారు?

తెనాలి రణరంగచౌక్‌లోనైతే 1942 ఆగస్టు 12 పోలీసు కాల్పుల్లో పోయిన ఏడుగురికి స్తూపాలున్నాయి, దండలు పడతాయి. నెత్తురు చిందిన చోటు చూపించడం తేలికే. తాళాలేసి వెళ్లిపోయిన ఊరికి దండ ఏ గుమ్మాన వేయాలి? గోపాలకృష్ణయ్య జైలుకెళ్లాక చీరాల, పేరాల జనం మళ్లీ పాత గడపలే తొక్కారు. దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు.