తెలుసుకోవడమూ ఒక విద్యే!

బియ్యం కడిగేముందు ఒకసారి చేటలో పోసి చూస్తాం. కందిపప్పులో రాయి, చింతపండులో గింజ మన కంట పడకుండా తప్పించుకోలేవు. మరి రోజూ మన చెవిన పడే మాటల సంగతేమిటి? "ఈ ఆకు తింటే ఆ జబ్బు పోతుందట", "ఫలానా నూనె వాడితే గుండెకు మంచిది కాదట"... ఈ 'అట'లన్నిటినీ చెరిగి చూసే ఓపిక మనలో ఎందరికుంది చెప్పండి?

ఓపిక ఉన్నా, ఎలా చెరగాలో మనకెవరు నేర్పారు అంటారా? అదీ నిజమే. నాకు మాత్రం ఆ పని ఒక ఆట నేర్పింది. నవ్వకండి! కాలేజీ పిల్లలు గుమిగూడి ఆడుకునే ఆటే.

మాది పాల్వంచ. ఒకవైపు కరెంటు ప్లాంటు, ఇంకోవైపు కిన్నెరసాని అడవి. మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుకుంటోంది. సెలవులకు వచ్చిందంటే మా అక్క కొడుకు, పక్కింటి పిల్లలు హాల్లో చాప పరుచుకుని చేరిపోతారు. ఈ ఆటకు గళ్లుండవు, గవ్వలుండవు. ఒకరు కథ చెబుతారు. వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర. "గుహలో రాక్షసుడు నిద్రపోతున్నాడు, ఇప్పుడేం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడిగితే, ఏం చేస్తామో మనం చెప్పాలి. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. హరికథకూ అష్టాచెమ్మాకూ పెళ్లి చేస్తే పుట్టిన బిడ్డ అనుకోండి!

ఇలాంటి ఆటల్లో మొదట పేరు తెచ్చుకున్నది 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. మా పిల్లలు ఆడేది 'పాత్‌ఫైండర్', 2019లో వచ్చిన రెండో కూర్పు. దాని నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు.

"ఒక మనిషి తక్కువయింది, నువ్వూ కూర్చో అమ్మా" అంది మా అమ్మాయి. కత్తి తిప్పడం నా వల్ల కాదన్నాను. "అయితే సంగతులు కూపీ తీసే మనిషివవ్వు" అని నాకు పాత గ్రంథాలయం చూసుకునే ముసలమ్మ పాత్ర ఇచ్చింది. కూపీ తీయడంలో మనల్ని మించినవాళ్లెవరు? సరేనని కూర్చున్నాను.

మెట్లు అయిదు

ఈ ఆటలో ఏ నేర్పుకైనా అయిదు మెట్లు. అసలు నేర్వని మనిషి, నేర్చిన మనిషి, నిపుణుడు, ఆరితేరినవాడు, ఆ పైన జనం కథలుగా చెప్పుకునేవాడు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు నేర్పు వల్ల కలిసేదేమీ ఉండదు. తర్వాతి మెట్లకు వరసగా 2, 4, 6, 8 కలుస్తాయి. నేర్చినప్పటినుంచి ఆ పాత్ర ఏ స్థాయిలో ఉంటే ఆ అంకె కూడా తోడవుతుంది. మొత్తం ఇరవై స్థాయిల్లో, ఏడో స్థాయికి వస్తేగానీ ఆరితేరే వీలుండదు. చివరి మెట్టుకు పదిహేనో స్థాయి దాకా ఆగాలి. అన్నింటిలోనూ ఆరితేరడం కుదరదు కాబట్టి దేన్ని పెంచుకోవాలో ముందే ఎంచుకోవాలి.

మన వంటిల్లూ ఇంతే కదూ! కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పులిహోర కుదిరిందంటే అది అదృష్టం. చెయ్యి తిరిగాక, చింతపండు పాతదైనా బియ్యం కొత్తవైనా ఎలాగో సర్దుకొస్తాం. మెట్టు ఎక్కేకొద్దీ పాచిక మీద ఆధారపడటం తగ్గుతుంది.

ఒక్క అల్మరాలో అన్నీ దొరకవు

ఇక అసలు సంగతి. ఈ ఆటలో 'పరిశోధన' కోసం ప్రత్యేకంగా కొన్ని నియమాలున్నాయి. గ్రంథాలయంలో ఒక్కో మూలకు ఒక్కో అధికారి ఉన్నట్టు, ఒక్కో మూలను వెతకడానికి ఒక్కో నేర్పు కావాలి. సంగతి దొరికితే పాయింటు. కొన్ని పాయింట్లు పోగైతే కథలో కొంత గుట్టు విప్పుతారు. అయితే ఒక్కో మూల నుంచి ఇన్ని పాయింట్లే అని హద్దు ఉంటుంది. అక్కడే కూర్చుని నెల రోజులు వెతికినా అంతకు మించి రావు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. వెతుకులాట మరీ ఘోరంగా తప్పితే, అబద్ధాన్ని నిజమనుకుని పట్టుకొచ్చినట్టు లెక్క. అప్పుడు చేతిలో ఉన్న పాయింటే ఒకటి పోతుంది! ఏమీ తెలియకపోవడం కన్నా తప్పు తెలియడం ఎక్కువ నష్టమన్నమాట.

మా అమ్మాయి అల్లిన కథలో ఏటి ఒడ్డున ఒక ఊరు. అచ్చం మన కిన్నెరసాని ఒడ్డులాగే చెప్పింది. ఆ ఊళ్లో పడుకున్నవాళ్లు లేవడం లేదు. మూడు రోజుల్లో మందేదో కనిపెట్టాలి. గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, చనిపోయిన వైద్యుడి జమాఖర్చుల పుస్తకముంది, గుమ్మం దగ్గర ఒక కాపలా మనిషి ఉన్నాడు.

మా అక్క కొడుకు తాళపత్రాలు పట్టుకుని వదల్లేదు. "ఇందులో ఏముందో నాకు గుర్తొస్తుందా?" అని అడిగాడు. ఇలా జ్ఞాపకం తెచ్చుకునేటప్పుడు పాచిక మనం వేయం. గేమ్ మాస్టర్ చాటుగా వేసి ఫలితం చెబుతారు. రావలసిన అంకెకు పదో అంతకన్నా ఎక్కువో తగ్గితే అబద్ధం చెబుతారు. మనకు మాత్రం తేడా తెలియదు! మా అమ్మాయి చేయి అడ్డుపెట్టి పాచిక వేసి, "నల్లపూల తీగ రసం తాగిస్తే లేస్తారని రాసి ఉంది" అంది. వాడు ఎగిరి గంతేశాడు.

నేను మాత్రం, "ఈ మాట ఇంకెక్కడైనా ఉందేమో చూద్దాం" అన్నాను. కాపలా మనిషిని కదిలిస్తే ఆ వైద్యుడు ఏటేటా ఆ తీగ అమ్మేవాడని చెప్పాడు. జమాఖర్చుల పుస్తకం తిప్పితే, తీగ కొన్న ఇళ్ల పేర్లు ఆ తర్వాత పేజీల్లో ఎక్కడా లేవు. పిల్లలందరూ నా వంక చూశారు. ఆ తీగ జోలికి వెళ్లలేదు మరి!

పొడపత్రి వచ్చింది

ఆట ఆటలా ఉంటే ఈ వ్యాసం రాసేదాన్నే కాదు. మా అత్తమ్మకు పన్నెండేళ్లుగా షుగరు. దసరా పండక్కి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన గుప్పెడు పొడపత్రి ఆకులు తెచ్చాడు. "నాలుగాకులు నమిలి, చిటికెడు చక్కెర నోట్లో వేసుకో అక్కయ్యా" అన్నాడు. అత్తమ్మ వేసుకుంది. ఇసుక నమిలినట్టుందట, తీపి లేదు! "చూశావా! నోట్లోనే చక్కెరను చంపేసింది. ఇక ఒంట్లో బతకనిస్తుందా?" అన్నాడాయన.

అత్తమ్మ అప్పటికప్పుడు తేల్చేసింది. "సోమవారం నుంచి గోలీలు బంద్."

వద్దంటే వినే మనిషి కాదు. పైగా చక్కెర తీపి పోయిన మాట మేమంతా చూశాం. మాకున్నది మూడు రోజులు, అచ్చం ఆటలోలాగే. నేనూ మా అమ్మాయీ వంటింట్లో కూర్చుని వెతకాల్సినవి రాసుకున్నాం.

మొదట, మేం చూసిందెంత, ఊహించుకున్నదెంత? ఇద్దరం ఆకు నమిలి ఉప్పు, నిమ్మకాయ, పచ్చిమిరపకాయ రుచి చూశాం. అన్నీ మామూలుగానే ఉన్నాయి. తీపి ఒక్కటే తెలియలేదు. కాసేపయ్యాక అదీ తిరిగొచ్చింది. పుస్తకాల్లో చూస్తే కారణం దొరికింది. ఈ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను కొంతసేపు అడ్డుకుంటాయి. హిందీలో దీన్ని 'గుడ్‌మార్' అంటారు, అంటే బెల్లాన్ని చంపేది. మేం చూసింది నాలుక మీది సంగతి. రక్తం సంగతి మాకెవరికీ కనబడలేదు.

తర్వాత, చెప్పినాయనకు ఎలా తెలుసు? ఫోన్ చేసి మర్యాదగానే అడిగాను. వాళ్ల ఊళ్లో ఒకాయనకు తగ్గిందట. ఆయన గోలీలు మానేశాడా అంటే, "మానలేదనుకుంటా... రాత్రిపూట అన్నం మాత్రం మానేశాడు" అన్నాడు.

ఆ తర్వాత, ఈ ఆకు బాగా తెలిసినవాళ్లెవరు? సంతలో అడవి సరుకులు అమ్మే కోయ పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మా గుప్పెట్లోంచి రెండాకులు ఏరి పక్కన పడేసింది. అవి వేరే తీగవట! "దీంతో నోటికి తీపి తెల్వది, అంతవరకు నాకెరుక బిడ్డా. గోలీల సంగతి డాక్టరుకెరుక" అంది. తన ఎరుక ఎక్కడిదాకానో గీత గీసి చెప్పిన ఆవిడ మాట మీద నాకు ఎంత గురి కుదిరిందో చెప్పలేను.

చివరగా డాక్టరుగారు. ఈ ఆకు మీద కొన్ని పరిశోధనలు జరిగాయనీ, అవి చిన్నవనీ, గోలీలకు బదులుగా వాడొచ్చని తేలలేదనీ చెప్పారు. పైగా గోలీలతోపాటు ఆకు కూడా వాడితే ఒక్కోసారి షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయట. ఏది వాడాలన్నా ముందు తనకు చెప్పమన్నారు.

ఇవన్నీ అత్తమ్మ ముందు పెట్టాం. ఆవిడ వింది, ఏమీ అనలేదు. అప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "నానమ్మా, అసలు గోలీలు మానాలని ఎందుకనిపించింది?"

"పొద్దున్నే వేసుకుంటే కడుపులో ఒకటే తిప్పుడే. ఎన్ని నెలలాయెనో" అంది అత్తమ్మ.

పన్నెండేళ్లుగా ఇంట్లో షుగరు గురించి మాట్లాడుకుంటున్నా ఆ మాట అప్పుడే బయటికొచ్చింది. ఆవిడ మెట్‌ఫార్మిన్ గోలీని పరగడుపున వేసుకుంటోందట. డాక్టరుగారు దాన్ని తిండితోపాటు వేసుకోమన్నారు. వారం తిరిగేసరికి కడుపులో తిప్పడం తగ్గింది. గోలీలు బంద్ కాలేదు. పొడపత్రి తీగ ఇప్పుడు మా పెరట్లో ఉంది. మనవలొస్తే చక్కెర తమాషా చూపించడానికి అత్తమ్మే నీళ్లు పోస్తుంది.

బడికి వెళ్లని పరిశోధకురాలు

ఇదంతా చదువుకున్న పిల్లలకూ ఇంటర్నెట్ ఉన్నవాళ్లకూ మాత్రమే అనుకునేరు. ఖమ్మం సరిహద్దుకు అవతల, అప్పటి కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారి సంగతి వినండి. చిన్నతనంలోనే పెళ్లి. బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చారు. ఆ తర్వాత మరికొన్ని భాషలు పట్టుబడ్డాయి. ఆడవాళ్లు అబలలు, తెలివి తక్కువవాళ్లు అని లోకం అంటుంటే ఆవిడ ఆ మాట ఒప్పుకోలేదు. చరిత్రలోని స్త్రీల జీవితాలు వెతికి, పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1901లో ఆ పుస్తకం వచ్చేనాటికి ఆవిడకు నిండా ముప్ఫై ఏళ్లు లేవు. 1905లో కన్నుమూశారు. నేర్వని మెట్టు నుంచి జనం కథలుగా చెప్పుకునే మెట్టు దాకా ఆవిడ బడికి వెళ్లకుండానే ఎక్కారు.

మీరూ మొదలుపెట్టండి

ఒక నోటుపుస్తకం చాలు. ఈ వారం విన్న 'అట' ఒక్కటి రాసుకోండి. దాని కింద, చెప్పినవాళ్లు కళ్లారా చూశారా, విన్నారా అన్నది రాయండి. మొదటి మెట్టు అదే. అదే మాట వేరే దారిలో, ఒకరి నుంచి ఒకరు వినని ఇద్దరి దగ్గర దొరుకుతుందేమో చూడటం రెండోది. ఆ పని చేతులతో చేసినవాళ్లను వెతికి అడగడం మూడోది. ఆటలో కూడా ఊళ్లో తిరిగి సంగతులు సేకరించాలంటే దాదాపు రెండు గంటలు పడుతుంది. మనం మాత్రం సెల్‌ఫోన్‌లో వచ్చిన మెసేజిని రెండు క్షణాల్లో పదిమందికి పంపేస్తున్నాం! ఎంతవరకు తెలిసిందో, ఎక్కడినుంచి తెలియదో గీత గీసి చెప్పడం నాలుగోది. సంతలో పెద్దావిడ నిలబడ్డ మెట్టు అది.

నేనింకా రెండో మెట్టు దాటి మూడోదాని మీద కాలు పెట్టానంతే. ఆటలో మా ముసలమ్మ మాత్రం మొన్న సంక్రాంతి సెలవుల్లో ఏడో స్థాయికి చేరి ఆరితేరిన మనిషి అనిపించుకుంది. మా అత్తమ్మ అదంతా కుర్చీలోంచి చూసి, "నాకూ ఒక పాత్ర ఇయ్యరాదే" అంది. ఏ పాత్ర ఇవ్వాలా అని మా అమ్మాయి ఆలోచిస్తోంది. మీ ఇంట్లో అయితే ఏమిస్తారు?