తండ్రి పేరు రాసే గడి

వంశవృక్షం గీసేవాళ్లు మామూలుగా కిందినుంచి పైకి వెళ్తారు: నాన్న, తాత, ముత్తాత. లండన్‌లో పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని దానికి తలకిందులు. విక్టోరియా రాణి కాలంలో అనాథాశ్రమంలో పెరిగిన ఒక పిల్ల దగ్గర మొదలుపెట్టి, ఇవాళ బతికున్న మనవల దాకా దిగి రావాలి. పైకి వెళ్తే ఎవరికైనా అమ్మానాన్నలు ఇద్దరే. కిందికి దిగితే దారులు చీలిపోతూ ఉంటాయి. అందులోనూ ఆడపిల్లకి పెళ్లయిందంటే ఇంటిపేరు మారి, ఆచూకీ అక్కడితో తెగిపోతుంది.

ఆ పిల్లల్లో చాలామంది అనాథలు కారు. అమ్మ ఉండేది, ఇంట్లో తిండి ఉండేది కాదు. థామస్ బర్నార్డో 1870లో లండన్ స్టెప్నీలో మగపిల్లలకు, 1876లో బార్కింగ్‌సైడ్‌లో ఆడపిల్లలకు ఆశ్రమాలు తెరిచాడు. 1874 నుంచి 1905 దాకా ఆయన సంస్థ తీయించిన పిల్లల ఫొటోలే 55 వేలకు పైగా ఉన్నాయి. ఇలాంటి సంస్థలు మరెన్నో. 1869 నుంచి మొదలుపెట్టి లక్షకు పైగా పిల్లల్ని ఓడలెక్కించి కెనడా పంపేశారు. అన్నని పంపి చెల్లెల్ని ఉంచేసిన సందర్భాలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అలాంటి చెల్లెలు ఒకతి ఇప్పటికీ నా కళ్లముందు మెదులుతుంది. 1890లో తొమ్మిదేళ్లకి అన్నతోపాటు ఆశ్రమంలో చేరింది. చేర్చుకున్న పుస్తకంలో తండ్రి వివరం లేదు. 1891 జనాభా లెక్కల్లో, పుట్టిన ఊరు రాయాల్సిన చోట ‘తెలియదు’ అన్నదానికి రెండు పొడి అక్షరాలు. మరుసటేడు అన్న పేరు ఒంటారియో వెళ్లే ఓడ జాబితాలో కనిపించింది. తర్వాత ఈ పిల్ల ఎవరింట్లోనో పనికి కుదిరింది.

1909లో జరిగిన ఆమె పెళ్లి ధ్రువపత్రం తెప్పించాను. అందులో తండ్రి పేరుకో గడి, ఆయన పనికో గడి ఉంటాయి. తండ్రి ఎవరో తెలియనివాళ్లకి అక్కడ ఒక అడ్డగీత గీసేవారు. ఆ గీత ఎంత బరువో మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. బడిలో చేర్పించినా, తర్పణం వదిలినా ముందు అడిగేది ఆ పేరే. ఈమె గడిలో గీత లేదు. ఒక పేరు ఉంది. పని: వ్యవసాయ కూలీ. ఆ పేరుగల మనిషి కోసం మూడు వారాలు పాత రికార్డులన్నీ గాలించాను. చివరికి ఓడ జాబితా మళ్లీ చూస్తే అర్థమైంది, అది అన్న పేరు. కెనడాలో అతను పొలం పనే చేస్తున్నాడు. అంటే ఒక్క ఉత్తరమైనా ఆమెకి చేరి ఉండాలి.

అక్కణ్నుంచి దారి సాఫీగానే సాగింది. 1911 సెప్టెంబరు నుంచి జననాల సూచికలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా వేస్తున్నారు కాబట్టి 1913లో పుట్టిన కూతురు దొరికింది. 1931 జనాభా లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. మధ్యలో మాకు మిగిలిన ఆసరా 1939 రిజిస్టరు. గుర్తింపు కార్డుల కోసం రాసిన ఆ పుస్తకాన్ని తర్వాత జాతీయ ఆరోగ్య సేవ వాళ్లు దశాబ్దాల తరబడి వాడుకున్నారు. పెళ్లయిన ఆడవాళ్ల పాత ఇంటిపేరు కొట్టేసి, పైన కొత్తది రాసేవారు. ఈ కూతురి పేరు మీదా అలాంటి కొట్టివేత ఉంది. ఆ కొత్త పేరు పట్టుకునే మనవరాలి దాకా వచ్చాను.

ఇక మొదటి ఉత్తరం. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దావిడకి ‘మీ అమ్మ ఆశ్రమంలో పెరిగారు’ అని మొదటి వాక్యంలోనే రాసేశాను. ఉత్తరం తిరిగొచ్చింది. ‘అమ్మ చెప్పదలుచుకోనిది మీరెందుకు చెప్పారు?’ అని వెనకాల రాసి ఉంది. ఆవిడకి క్షమాపణ రాశాను, జవాబు రాలేదు. అప్పటినుంచి మొదటి ఉత్తరంలో నేను ఎవరో, మీ అమ్మమ్మ గురించి కొన్ని కాగితాలు దొరికాయని, తెలుసుకోవాలనిపిస్తేనే ఫోన్ చేయమని, అంతే రాస్తాను. కాగితాలు వాళ్లవి. ఎప్పుడు విప్పి చూడాలో వాళ్లిష్టం.

ఈ మనవరాలు నాలుగు నెలలకి ఫోన్ చేసింది. డెబ్బై దాటిన మనిషి. అంతా చెప్పాను, ఫొటో ఉందని కూడా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: ‘ఫొటోలో కాళ్లకి బూట్లున్నాయా?’ వాళ్ల అమ్మమ్మ మనవలకి తిండికన్నా ముందు బూట్లు కొనేదట, వట్టికాళ్లతో గుమ్మం దాటనిచ్చేది కాదట.

ఫొటో తీసి చూశాను. నడుము దాకే ఉంది. ఆ మాటే చెప్పి, ఒక ప్రతి పోస్టులో పంపాను. అన్న సంతతి కోసం ఒంటారియోకి రాసిన ఉత్తరానికి జవాబు రావాల్సి ఉంది.