తాత తుపాకీ, అరిగిన పన్ను

కొంచెం పెద్ద పోస్టే. నాటు తుపాకులున్న ఇళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నాయి కాబట్టి చివరిదాకా చదవండి.

మాది ఏజెన్సీలో కొండ మీద ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. హాస్టల్లో ఉండి బీటెక్ మెకానికల్ రెండో ఏడు చదువుతున్నా. తాతకి పంట కాపలా కోసం లైసెన్సు ఉన్న ఒంటి గొట్టం తుపాకీ ఉంది. మూతిలోంచి మందు పోసి, గుడ్డ పీలికలు దట్టించి, క్యాప్ పెట్టి పేల్చేది. తాత గుండ్లు వెయ్యడు. ఆ చప్పుడుకే పందులు చోడి చేను వదిలి పోతాయి. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకుంటాడు.

ఈసారి సెలవులకి వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడట్లేదు. ముందు రాత్రి చేలో మంచె మీద మావ హ్యామర్ వెనక్కి లాగి కూర్చున్నాడట. ట్రిగ్గర్ మీద వేలే పెట్టలేదు. పేలిపోయింది. మండుతున్న పీలిక మంచె కప్పు గడ్డిలో పడింది. కిందే చెల్లి పడుకుని ఉంది. నీళ్ల కుండ దగ్గరుండబట్టి సరిపోయింది. చెల్లి జుట్టు ఒక పక్క కాలింది.

"ఇంజినీరింగ్ చదువుతున్నావు కదరా అల్లుడూ, చూసి బాగుచెయ్" అన్నాడు మావ.

ముందు క్యాప్ లేదని చూశా. దట్టించే కడ్డీని గొట్టంలోకి దింపి, అదే కడ్డీని బయట ఆనించి కొలిచా. అడుగు దాకా వెళ్తోంది, అంటే లోపల మందు లేదు. అప్పుడు హ్యామర్ని పూర్తిగా లాగా. నిలబడింది. పక్కన అరచేత్తో చిన్నగా తడితే చాలు, టక్కున పడిపోయింది.

స్క్రూలు విప్పి లాక్ బయటికి తీశా. లోపల హ్యామర్‌తో పాటు తిరిగే ముక్కకి రెండు గాళ్లుంటాయి. సగం లాగినప్పుడు ఆపేది లోతైనది, పూర్తిగా లాగినప్పుడు ఆపేది ఇంకోటి. ఆ గాడిలో సియర్ అనే పన్ను పడి, పెద్ద స్ప్రింగు బలాన్నంతా ఆపుతుంది. ట్రిగ్గర్ చేసే పని ఆ పన్నుని గాడిలోంచి తప్పించడమే. మేం క్లాసులో చదివే రాట్చెట్, పాల్ లాంటిదే. టార్చి వేసి చూస్తే పన్ను కొన గుండ్రంగా అరిగిపోయి ఉంది. దాని మీద కొత్త ఆకురాయి గీతలు.

అడిగితే మావ ఒప్పుకున్నాడు. ఫోన్లో అమెరికా వాళ్ల పాత రైఫిల్ వీడియో చూశాడట. దానికి రెండు ట్రిగ్గర్లు. వెనకది నొక్కి, ముందుది ముట్టుకుంటే చాలు పేలుతుంది. మనదీ అంత తేలిగ్గా అవ్వాలని పన్ను అరగదీయించాడు.

ఆ రైఫిల్ సంగతి వేరు. దాన్ని సెట్ ట్రిగ్గర్ అంటారు. వెనక ట్రిగ్గర్ నొక్కితే ఇంకో చిన్న స్ప్రింగు బిగుసుకుంటుంది. ముందుది ముట్టుకుంటే ఆ స్ప్రింగు వదిలి, సియర్‌ని సుత్తిలా కొడుతుంది. పన్ను మాత్రం గాడిలో నిండుగానే ఉంటుంది. అంత చిన్న దెబ్బకి పన్ను మళ్లీ సగం గాడిలో పడకుండా 'ఫ్లై' అనే చిన్న ముక్క కూడా పెడతారు. అది అరిగితే హ్యామర్ సగంలో ఆగిపోతుంది. రెండు ట్రిగ్గర్ల మధ్య స్క్రూ మరీ బిగిస్తే అసలు సెట్టే అవ్వదు. తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా, మనం ఆపే పన్నునే కోసేశాం. పైన గట్టిపరిచిన పొర పోతే లోపల మెత్తటి ఇనుము. రోజు రోజుకీ ఇంకా అరుగుతుంది.

"సరే, కొత్త పన్ను చెయ్" అన్నాడు మావ.

"నేను చెయ్యను మావా. లైసెన్సు లేకుండా తుపాకీ బాగుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, నా చేత్తో చేసింది రేపు చెల్లి పక్కన జారితే?"

"ఇంత చదివి ఒక ఇనప ముక్క చెయ్యలేవా?" అన్నాడు. ఆ మాట నిజంగా గుచ్చుకుంది. నా ఫీజు కోసం పసుపు అమ్మిన వాళ్లలో మావ కూడా ఉన్నాడు.

తాత ఏమీ అనలేదు. తెల్లారి తుపాకీని గుడ్డలో చుట్టి, లైసెన్సు పుస్తకం పట్టుకుని స్టేషన్‌కి నడిచాడు. పట్నంలో లైసెన్సున్న రిపేరు షాపుకి పంపేదాకా అక్కడే ఉంటుంది. అప్పటిదాకా మంచె మీద డబ్బా కొడుతున్నారు. మావ నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. కానీ హాస్టల్‌కి బయల్దేరేటప్పుడు బస్సు దాకా నా పెట్టె మోసింది ఆయనే.

మీ ఇళ్లల్లో ఎవరైనా ట్రిగ్గర్ తేలిక చేయిస్తానంటే, చెల్లి జుట్టు సంగతి చెప్పండి.