నీళ్ళు పడలేదు

మైదానపు వాళ్ళు మన్యం ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా అనే మాట ఒకటుంది: "అక్కడి నీళ్ళు పడవు." నర్సీపట్నం నుండి కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు వైపు బదిలీ మీద వెళ్ళినవాడు పంతులైనా, అటవీశాఖ గుమాస్తా అయినా, నెల తిరక్కుండానే రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ ఇల్లు చేరితే, ఇంట్లో పెద్దలు చేసే రోగనిదానం అదే. కొండల్లో ఆకులు కుళ్ళి, రాళ్ళలోని లోహాలు కరిగి నీళ్ళు విషమౌతాయని, అవి తాగితే చలిజ్వరం తప్పదని వారి నమ్మకం.

దీన్ని మూఢత్వమని తోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు. "మలేరియా" అన్న మాటకు అసలు అర్థం చెడుగాలి. ఇటలీవాళ్ళు చిత్తడి నేలల మీది గాలిని అనుమానించారు, మనవాళ్ళు గెడ్డ నీటిని అనుమానించారు. మన వైద్యులు ఆ జ్వరానికి విషమజ్వరమని పేరుపెట్టి, రోజు విడిచి రోజు వచ్చేదాన్ని తృతీయకమని, రెండు రోజులు విడిచి వచ్చేదాన్ని చతుర్థకమని విభజించి కూడా చూపారు. లక్షణం ఇంత సూక్ష్మంగా పట్టుకున్నవారికి కారణం ఒక్కటే అందలేదు. అందకపోవడంలో ఆశ్చర్యమూ లేదు. పగలంతా కనబడకుండా, అర్ధరాత్రి సడిలేకుండా వచ్చి కుట్టిపోయే దోమకూ, రెండు వారాల తరువాత వచ్చే వణుకుకూ ముడిపెట్టడం ఎవరి తరం?

ఆ ముడి విప్పింది మన తెలుగునేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, జ్వరగ్రస్తుడి రక్తం తాగిన ఒక అనాఫిలిస్ దోమ పొట్టను సూక్ష్మదర్శిని కింద చూస్తూ, దాని గోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న గుర్తులను కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

ఇక గెడ్డ నీటి సంగతి. నీటిది నిజంగానే నేరం, కాకపోతే తాగడం వల్ల కాదు. మైదానంలో మనకు దోమ అనగానే మురుగుకాలువ గుర్తుకొస్తుంది. కొయ్యూరు, చింతపల్లి కొండల్లో కథ వేరు. అక్కడి ముఖ్యమైన మలేరియా దోమల్లో ఒకటి అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. పేరులోనే ఏరు ఉంది. అది మురుగును ముట్టదు. మెల్లగా పారే తేటనీటిలో, ఒడ్డున గడ్డి నీళ్ళలోకి వంగిన చోట గుడ్లు పెడుతుంది. యాత్రికులు ఫొటోలు తీసుకునే ఆ స్ఫటికంలాంటి సెలయేరే దాని పురిటిల్లు. దాని తోబుట్టువు క్యులిసిఫేసిస్ వరిమళ్ళలోను, వాన వెలిసిన తరువాత నిలిచిన గుంటల్లోను పుడుతుంది. పరిసరాలు శుభ్రంగా ఉంచుకోమని గోడల మీద రాసే నినాదం డెంగీకి, అతిసారానికి పనికివస్తుందేమో గాని, ఇక్కడ సగానికి సగం వ్యర్థం. ఏటిని ఎవరు ఊడ్చగలరు?

ఈ జ్వరానికి మన్యం చరిత్రలో ఒక విచిత్రమైన పాత్ర ఉంది. 1879-80 నాటి రంప పితూరీని అణచడానికి వచ్చిన సైనికులను తుపాకుల కంటె జ్వరమే ఎక్కువగా పడగొట్టింది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు కోసం ఈ అడవులు గాలించిన పోలీసులకూ అదే అనుభవం. 1924 మే 7న ఆయన ప్రాణం తీసింది ఈ కొయ్యూరు దగ్గరే. దొరలకు ఏజెన్సీ ఉద్యోగమంటే శిక్ష కింద లెక్క. అందువల్ల, జ్వరమే కొండలకు కాపలా కాసిందని కొందరు గర్వంగా రాస్తూ ఉంటారు. నాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా ఇబ్బందిగా ఉంటుంది. కొండవాళ్ళకు ఆ తట్టుకునే శక్తి ఊరికే రాలేదు. పుట్టినది మొదలు మళ్ళీ మళ్ళీ జ్వరపడి, బతికి బట్టకట్టిన బిడ్డలకు మాత్రమే అబ్బిన శక్తి అది. పోయినవాళ్ళు లెక్కలోకి రారు. కొడవలి కణపు జన్యువు కూడా అటువంటి బేరమే. తల్లిదండ్రులలో ఒకరి నుండే వస్తే అది బిడ్డను తీవ్రమైన మలేరియా నుండి చాలావరకు కాపాడుతుంది, ఇద్దరి నుండీ వస్తే జీవితాంతం బాధించే రక్తహీనత అవుతుంది. తొలిచూలు గర్భిణికైతే పాత రక్షణ కూడా సడలిపోతుంది. ఆ కాపలాకు జీతం చెల్లించినది పసిపిల్లలూ బాలింతలూను.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకేదని, 8 లక్షలమంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. ఇంటింటా డి.డి.టి. చల్లారు. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. అక్కడితో పని అయిపోయిందనుకున్నారు. మందు కొరత, దోమ మొండికెయ్యడం, నిఘా సడలడం అన్నీ కలిసి 1976లో ఆ సంఖ్య 64 లక్షలు దాటింది. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు గుబులుగానే ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు మళ్ళీ కేసులు బాగా తగ్గిన కాలంలో ఉన్నాం. 2027కల్లా స్థానికంగా సోకే కేసు ఒక్కటీ ఉండకూడదని, 2030కల్లా వ్యాధి నిర్మూలన కావాలని ప్రభుత్వ లక్ష్యం. మంచిదే. కాని జ్వరం తగ్గిన ఊళ్ళో పుట్టిన బిడ్డకు తాతకున్న తట్టుకునే శక్తి ఉండదు. అటువంటి ఊళ్ళోకి జ్వరం తిరిగివస్తే పెద్దవాళ్ళనూ వదలదు.

జాగ్రత్తలు చెప్పడం తేలిక. దోమతెర కట్టుకోండి, మందు చల్లించుకోండి అంటాం. గోడకు మందు ఎందుకు చల్లుతారంటే, రక్తం తాగిన దోమ బరువెక్కి దగ్గరున్న గోడ మీద వాలుతుంది గనుక. ఆ మందు పది వారాలపాటు పనిచెయ్యాలి. అయితే గిరిజనుల ఇల్లు మట్టిగోడల ఇల్లు. పండుగ వచ్చిందంటే ఎర్రమట్టితో అలికి, అంచులు తీర్చి ముచ్చటగా చేసుకుంటారు. మందు మట్టికింద పడిపోతుంది. దోమ హాయిగా కొత్త గోడ మీద కూర్చుంటుంది. "అలక్కండి" అనడం కంటె, పండుగ అలుకుడు అయ్యాకనే మందు చల్లే తేదీ పెట్టుకోవడం మర్యాదా, తెలివీ కూడానని నా అభిప్రాయం. తెరల మాట తీసుకున్నా అంతే. ఇంటికి రెండు తెరలిచ్చారు, సరే. పంట కోతకొచ్చే రోజుల్లో ఇంటి మగవాళ్ళు పోడు చేలో మంచె మీద పడుకుంటారు. తెర ఇంట్లో, మనిషి కొండమీద. మంచెకు ఇంకొక తెర ఇవ్వకపోతే లెక్క పూర్తికాదు.

జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆశా కార్యకర్త దగ్గర వేలు గుచ్చి చేసే పరీక్ష ఉంటుంది, పావుగంటో ఇరవై నిమిషాలో చాలు. ఫాల్సిపారం రకమైతే ఆలస్యం ప్రాణాంతకం, అది మెదడుకెక్కుతుంది. ఆర్టెమిసినిన్ కలిసిన మాత్రలు మూడు రోజులు వాడాలి. (ఆ మందును పాత చైనా వైద్యగ్రంథాల ఆధారంతో వెలికితీసిన తు యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మన మూలికల పెట్టెలో ఏమున్నాయో!) వైవాక్స్ రకం చంపడం తక్కువ, వదలడమూ తక్కువే. క్రిమి కాలేయంలో నిద్రపోయి, నెలల తరువాత లేస్తుంది. దాన్ని నిద్రలోనే చంపేది ప్రైమాక్విన్. అది 14 రోజులు వాడాలి. గర్భిణులకు, పసికందులకు ఇవ్వరు. కొందరికి పుట్టుకతో జి6పిడి అనే ఎంజైము లోపం ఉంటుంది, వారికి మూత్రం నల్లగా వస్తే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక్కడే చిక్కు. మూడో రోజుకే వణుకు ఆగిపోతుంది. నాలుగో రోజు చేలో పని ఉంటుంది, లేదా కృష్ణదేవిపేటలో సంత ఉంటుంది. ఒంట్లో బాగున్నవాడు ఇంకా పది రోజులు మాత్ర మింగడమెందుకన్న ప్రశ్నకు, పట్నంలో యాంటీబయాటిక్ రెండు రోజులకే ఆపేసే మనలో ఎంతమంది జవాబు చెప్పగలం? చీటీలో రాసి పంపేస్తే సరిపోదు. పద్నాలుగో రోజువరకు ఆ గుమ్మంలోకి వెళ్ళి, మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడే మనిషి కావాలి. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆమె అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. మలేరియా ముమ్మరించేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.