ఆ రాత్రి మెసేజ్ ఎక్కడుంది?

2024 ఆగస్టు 31. కోదాడలో వాన ఆగడం లేదు. నేనేమో హైదరాబాద్‌లో. అమ్మ ఫోన్ కలవడం లేదు. ‘నీళ్లొస్తే మేడ మీదికి ఎక్కండి, పక్కింటి అత్తయ్యని పిలువు’ అని వాట్సాప్‌లో పెట్టాను. ఒక్క టిక్కే పడింది.

తెల్లారేసరికి టీవీల నిండా మా ఊరే. విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడిందన్నారు. నిమిషానికోసారి ఫోన్ తీసి చూసుకోవడమే నా పని. అదే ఒక్క టిక్కు!

మధ్యాహ్నం రెండోది పడింది.

ఆ రాత్రంతా నా మెసేజ్‌ని ఎవరు దాచిపెట్టారు? సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా పిన్ని కొడుకుని అడిగితే, ‘వాట్సాప్ సర్వర్‌లో ఉంటుందక్కా. అది ఎర్లాంగ్‌లో రాసింది’ అన్నాడు. పేరు వింటే జ్వరం బిళ్లేమో అనిపించింది. కాదట, కంప్యూటర్ భాష. స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీ ల్యాబ్‌లో 1986లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలుపెట్టాడు. రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ తోడయ్యారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టిన భాష కాబట్టి, ఎక్స్ఛేంజీకి ఎన్ని లైన్లు కావాలో లెక్కగట్టిన డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ పేరే పెట్టారు.

ఎక్స్ఛేంజీలో ఒకేసారి వేల కాల్స్ నడుస్తుంటాయి. ఒకటి చెడితే మిగతావి తెగిపోకూడదు. అందుకని ఎర్లాంగ్‌లో ఒక్కో కాల్‌కీ ఒక్కో ‘ప్రాసెస్’. ఒకదాని సామాను ఇంకొకటి ముట్టుకోదు. ఏం కావాలన్నా చీటీ పంపుకోవాల్సిందే. పైగా ఇది ఫంక్షనల్ భాష. ఒక పేరుకి 5 అని విలువ ఇచ్చామా, ఆ లెక్క అయ్యేదాకా అది 5 గానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని తిట్టుకుంటారని తమ్ముడు నవ్వాడు.

నాకు బాగా నచ్చింది వేరే. అదే ‘సూపర్‌వైజర్’. మా కాలువల మీద లష్కర్ ఉంటాడు చూడండి, అలాంటివాడన్నమాట. ఒకరి పిల్లకాలువ తెగితే ఆ తూము మూసేస్తాడు, మిగతా పొలాలకి నీళ్లు పారుతూనే ఉంటాయి. బాగయ్యాక మళ్లీ తెరుస్తాడు. ఎర్లాంగ్‌లోనూ అంతే. తప్పు జరిగిన ప్రాసెస్ అతుకులేసుకుంటూ ఈడ్చుకు రాదు, పడిపోతుంది. పైనున్న సూపర్‌వైజర్ దాన్ని మొదటినుంచి మళ్లీ నడిపిస్తాడు. తప్పే జరగదని ఎవరూ గొప్పలు పోరు. జరుగుతుందనే లెక్క!

ఇంత పనికొచ్చే భాషని 1998లో ఎరిక్సన్‌లోనే ఒక విభాగం కొత్త ఉత్పత్తులకు వాడొద్దంది. ఇంటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు! అదే ఏడాది డిసెంబరులో అందరికీ ఉచితంగా వదిలేశారు. ఆ తర్వాత అది వాట్సాప్ చేతికి చిక్కింది. 2012లో వాళ్ల ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నడిచాయి. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి 45 కోట్ల మంది వాడుతుంటే, ఇంజినీర్లు 32 మందే.

అయినా ఎంత ఎర్లాంగ్ అయితేనేం, చార్జింగ్ అయిపోయిన అమ్మ ఫోన్‌కి కరెంటు తేలేదు కదా. మెసేజ్‌ని పోనివ్వకుండా ఉంచింది, అంతే. రెండో టిక్కు పడిన కాసేపటికి అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది.

‘నువ్వు పెట్టింది ఇప్పుడొచ్చిందే. మేం రాత్రే ఎక్కాం. అత్తయ్య కూడా ఇక్కడే ఉంది. బియ్యం బస్తా మాత్రం తడిసి ముద్దయింది.’